నాచు పొడి లేని నెల

చిక్కన్న అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. పుడ్డింగు కప్పుల ఫ్యాక్టరీలో, పాలను చిక్కబరిచే ట్యాంకు దగ్గర పదకొండేళ్ళు నిలబడి సంపాదించుకున్న పేరు. అసలు పేరు గేటు కార్డు మీద తప్ప ఎక్కడా బతికి లేదు. వదినగారు మాత్రం కోపం వస్తే "జిగురు మరిదీ" అంటుంది. ఆవిడకి కోపం రాని రోజు లేదు కాబట్టి అదీ ఒక పేరే అనుకోవాలి.

అతని పని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఒక తక్కెడ, ఒక గరిటె, ఒక బస్తా పొడి. ఆ పొడి సముద్రపు నాచు నుంచి తీసింది. నాచును ఉడికించి, వడకట్టి, ఆరబెట్టి, దంచితే వచ్చేది. ఊరికే పాలల్లో గుమ్మరిస్తే ఉండలు కట్టి ట్యాంకు అడుక్కి చేరి మొరాయిస్తుంది. అందుకని ముందు పంచదారలో కలిపి, పాలు గిర్రున తిరుగుతుండగా కొంచెం కొంచెంగా చల్లాలి. కాగి చల్లారాక కప్పు బోర్లిస్తే పుడ్డింగు పళ్ళెంలో నిలబడాలి. వేలితో తడితే ఒక్కసారి వణికి ఊరుకోవాలి. రెండుసార్లు వణికితే పొడి తక్కువ, అసలు వణకకపోతే ఎక్కువ. దీన్ని కొలవడానికి ఫ్యాక్టరీలో ఒక యంత్రం కూడా ఉంది. చిక్కన్న వేలి మీదున్న నమ్మకం ఆ యంత్రం మీద ఎవరికీ లేదు.

ఏ రెండు బస్తాల పొడీ ఒక్కలా ఉండదని అతని వాదన. కొత్త బస్తా విప్పగానే ఒక పొట్లంలో కొంచెం పొడి తీసుకుని, గిన్నెడు పాలల్లో కాచి చూస్తే గానీ ట్యాంకులో పడనివ్వడు. ఫ్యాక్టరీ పొయ్యి ఎప్పుడూ ఎవరో ఒకరి టీకి ఆక్రమణలో ఉంటుంది కాబట్టి ఈ పరీక్షలన్నీ ఇంట్లో, వంటగదిలో, సెలవురోజు జరుగుతాయి. మిగిలిన పొడి ఒక రేకు డబ్బాలో చేరుతుంది. ఆ డబ్బాని వంటగదిలో ఉంచొద్దని భార్య పెళ్ళైన కొత్తలో చెప్పింది. తరవాత అలవాటు పడిపోయింది, పాపం.

ఈ ప్రపంచంలో చిక్కన్నకి ఒక్కడే అభిమాని. అతని మావగారు. సైన్సు మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి, భార్య పోయాక చిన్న కూతురి దగ్గరే ఉంటున్నారు. ఇంటా బయటా అందరికీ మాస్టారే. ఆయన పెద్దపేగులో పుండ్లు. మూడేళ్ళుగా అవి ఓ నెల తగ్గుతాయి, ఓ నెల తిరగబెడతాయి. తిరగబెట్టినప్పుడు ఆయన రోజుకి ఎనిమిది తొమ్మిదిసార్లు బాత్‌రూముకి పరిగెత్తాలి. పైగా పళ్ళు కట్టుడువి. నోటికీ కడుపుకీ రెండింటికీ సయించేది ఒక్కటే, అల్లుడు ఫ్యాక్టరీ నుంచి తెచ్చే పుడ్డింగు. మూత వంకరగా అతుక్కున్న కప్పులు అమ్మకానికి పోవు, పనివాళ్ళు ఇంటికి తీసుకెళ్ళొచ్చు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మాస్టారు వాటి మీదే బతుకుతున్నారన్నా తప్పులేదు. కప్పు బోర్లించి, వేలితో తట్టి, వణుకు చూసి, అప్పుడు చెంచా పట్టేవారు.

"వీళ్ళంతా నువ్వు వంట చేస్తున్నావనుకుంటున్నారు అల్లుడూ. నువ్వు చేసేది సైన్సు" అన్నారు ఒకసారి. చిక్కన్న బళ్ళో సైన్సు రెండుసార్లు తప్పాడు. ఆ మాట విన్న రోజు ఫ్యాక్టరీలో అతను అందరికీ టీ పోయించాడు, ఎందుకో చెప్పలేదు.

ఇక వదిన. భార్యకు అక్క, రెండు వీధుల అవతల బట్టలు కుట్టే షాపు నడుపుతుంది. కాలు మిషను మీద, కన్ను ఫోను మీద. ఆ ఫోనులో ఆవిడకి తెలియకుండా ప్రపంచంలో ఏ రోగమూ పుట్టదు. ఒక సెలవురోజు మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరుండగా ఊడిపడి, ఫోను మంచినీళ్ళ కూజాకి ఆనించి, గొంతు పూర్తిగా పెంచి ఒక వీడియో పెట్టింది. తెల్లకోటు వేసుకున్న ఒకావిడ, వెనక భయపెట్టే సంగీతం. ప్యాకెట్ తిళ్ళలో, పాలల్లో, ఐస్‌క్రీముల్లో సముద్రపు నాచు పొడి కలుపుతున్నారనీ, అది పేగుల్ని తూట్లు పొడుస్తుందనీ ఆవిడ చెప్పింది. చివర్లో పేగులు కడిగే టీ పొడి ఒకటి ఆవిడే చూపించి, కావలసినవాళ్ళు ఈ నంబరుకి ఫోన్ చెయ్యండంది.

వీడియో అయిపోయింది. వదిన తండ్రి చేతిలోని కప్పు వంక చూసింది, తరవాత చిక్కన్న వంక చూసింది. ఆ చూపుకి అర్థం చెప్పక్కర్లేదు గానీ ఆవిడ చెప్పే తీరింది. తన తండ్రిని రోజుకి రెండు కప్పుల చొప్పున చంపుతున్నాడట.

చిక్కన్న ఊరుకుంటాడా! ఒంటికాలి మీద లేచాడు. ఆ కోటావిడ దేనికి డాక్టరో కనుక్కో ముందన్నాడు. పదకొండేళ్ళుగా ఆ పొడి దుమ్ములో తాను ముక్కు మునిగి బతుకుతున్నానన్నాడు. టీ అమ్ముకునేదాని మాట నమ్ముతావా అని వదిన్ని అడిగితే, పుడ్డింగు అమ్ముకునేవాడి మాట ఎలా నమ్మను అని ఆవిడ తిరిగి అడిగింది. న్యాయంగా చెప్పుకుంటే ఆ ప్రశ్నలో పస ఉంది. జవాబుకి బదులు చిక్కన్న ఇంకా గట్టిగా అరిచాడు. అన్నిటి మధ్యా భార్య ఒక్కటే అడిగింది, నిజంగా ఏమీ కాదా అని. ఏమీ కాదని అతను ఎంత త్వరగా అన్నాడంటే, అన్నాక తనకే అనుమానం పుట్టింది.

మర్నాడు వెళ్ళి ఫ్యాక్టరీ ల్యాబ్ మేడమ్‌ని పట్టుకున్నాడు. ఆవిడ ఆవేశపడే మనిషి కాదు. గాజు గొట్టాలు కడుక్కుంటూనే చెప్పింది. జనాన్ని భయపెట్టే ప్రయోగాల్లో చాలావాటిలో వాడింది మన పొడి కాదట. దాన్ని ఆమ్లంలో ఉడికించి ముక్కలు ముక్కలు చేసిన వేరే సరుకట. అది తిండిలో వెయ్యడానికి లేదు. పైగా ఆ ప్రయోగాలు జంతువుల మీద. మన పొడికి అనుమతి ఉంది. అలాగని వాదన పూర్తిగా తెగిపోలేదు, ఇంకా పరీక్షలు చేస్తూనే ఉన్నారు. పేగులో ముందే పుండున్నవాళ్ళు దాన్ని మానేస్తే మంచిదని కొందరు డాక్టర్లంటారు, అందుకు తగిన ఋజువు లేదని ఇంకొందరంటారు. ఇంతా చెప్పి, గొట్టం నీళ్ళు దులిపి, "మా నాన్నకైతే నేను పెట్టను. చెడ్డదని కాదు. తెలియదు కనక" అంది.

ఇంటికొచ్చేసరికి చిక్కన్న దగ్గర ఆ మాటల్లో మొదటి సగమే మిగిలింది. అనుమతి ఉంది, జంతువుల మీద చేశారు, అది వేరే సరుకు, అంతే. రెండో సగాన్ని దారిలో ఎక్కడో దిగబెట్టి వచ్చాడు.

అప్పటికి మాస్టారు ఒక నిర్ణయానికి వచ్చేశారు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి ప్రయోగాలు నేర్పిన మనిషి, అరుపులతో ఏదీ తేలదనీ చేసి చూస్తే తేలుతుందనీ ఆయన నమ్మకం. కిందటి నెలంతా ఆయన ఒక నోటుపుస్తకంలో తన కడుపుకి మార్కులు వేస్తూ వచ్చారు. ఎన్నిసార్లు వెళ్ళిందీ, ఎంత తొందరపడిందీ, నొప్పి ఉందా, రక్తం ఉందా, అన్నీ లెక్కగట్టి రోజుకి పదికి ఇన్ని. బళ్ళో ఎంత పిసినారిగా మార్కులు వేసేవారో ఇక్కడా అంతే. కిందటి నెల కడుపు రోజూ ఫెయిలే, మూడు దాటలేదు. ఇప్పుడు ఇంకో నెల పొడి లేని పుడ్డింగు తిని మార్కులు వేస్తారు. రెండు నెలలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే సరి.

ఆ వారమే డాక్టరు పాత మాత్ర తీసేసి కొత్తది రాసిచ్చాడు. అది పట్టుకోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుందని కూడా చెప్పాడు. ఆ మాట ఇంట్లో అందరూ విన్నారు, అందరూ మరిచిపోయారు.

పొడి లేని పుడ్డింగు ఎవరు చెయ్యాలన్న దగ్గర మళ్ళీ గొడవ. తానే చేస్తానని వదిన పట్టుబట్టింది. తాళాలు తీసుకెళ్ళి దొంగ చేతిలో పెడతారా అంది. మాస్టారు ఒప్పుకోలేదు.

"అల్లుడే చేస్తాడు. వెయ్యనంటే వెయ్యడు. అతని మాట చాలు నాకు."

చిక్కన్న వెయ్యనన్నాడు. నలుగురి ముందూ అన్నాడు, మనస్ఫూర్తిగానే అన్నాడు. అయినా వదిన తన జాగ్రత్తలో తానుంది. వంటగదిలోని రేకు డబ్బాని ఒక గుడ్డసంచిలో పెట్టి, సంచి మూతిని మిషను మీద రెండు వరసలు కుట్టేసి, షాపులో బొత్తాల పెట్టె కింద దాచింది.

మొదటిరోజు చిక్కన్న మొక్కజొన్న పిండితో చేశాడు. ఉండలు కట్టింది. పదకొండేళ్ళ అనుభవం ఉన్నవాడికి ఉండలు కట్టడమంటే నడివీధిలో పంచె ఊడటమే. రెండోరోజు గుడ్డు కొట్టి వేశాడు, విరిగింది. మూడోరోజు పిండి పెంచాడు. ఈసారి పుడ్డింగు బ్రహ్మాండంగా నిలబడింది. పళ్ళెం తలకిందులు చేసినా ఊడి రాలేదు. వేలితో తడితే వేలు నొప్పి పెట్టింది. వదిన పనిగట్టుకుని వచ్చి చూసి, ఈ పిండిని తన షాపు ముందు మెట్టు విరిగిన చోట వాడొచ్చా అని మర్యాదగా అడిగింది.

మాస్టారు మాత్రం వంక పెట్టలేదు. మూడురోజులూ బాగుందని చెప్పి, ఒక్కో చెంచా తిని కప్పు పక్కకి జరిపారు. మిగతా రోజంతా ఒక బ్రెడ్డు ముక్క, రెండు గుక్కల సూపు. మూడోరోజు సాయంత్రం ఆయన చొక్కా కాలరు మెడ చుట్టూ వదులుగా వేలాడటం చిక్కన్న చూశాడు. ముసలాయన తిండి లేక చిక్కిపోతున్నాడన్న బాధ ఒకటి, పుడ్డింగు మాస్టరునైన నేను వదిన ముందు ఇలా పరువు పోగొట్టుకున్నానన్న మంట ఒకటి. ఈ రెండింట్లో ఏది ఎక్కువని అతన్ని అడక్కండి. అబద్ధం చెబుతాడు.

నాలుగోరోజు ఫ్యాక్టరీలో కొత్త బస్తా విప్పారు. అలవాటు చొప్పున పొట్లంలో పొడి తీసుకున్నాడు. పొట్లం చొక్కా జేబులో పడింది, చొక్కాతో పాటు ఇంటికొచ్చింది. పొయ్యి మీద పాలు కాగుతుంటే చెయ్యి జేబులోకి వెళ్ళింది. ఒక్కరోజుకే అనుకున్నాడు. పెద్దాయన కడుపునిండా తింటే చాలు, రేపు ఇంకేదైనా ఉపాయం చూద్దాం అనుకున్నాడు. పంచదారలో కలిపి, తిప్పుతూ చల్లాడు.

ఆ సాయంత్రం పుడ్డింగు పళ్ళెంలో నిలబడింది. తడితే ఒక్కసారి వణికి ఊరుకుంది. మాస్టారు రెండు కప్పులు తిని, చెంచా నాకి, ఇవాళ కుదిరింది అల్లుడూ ఏం చేశావని అడిగారు. మంట తగ్గించానని చెప్పాడు చిక్కన్న. అనుమానంతో వదిన రెండు చెంచాలు రుచి చూసింది. అనుమానం తీరక ఒక కప్పంతా తింది. వెళ్తూ వెళ్తూ, ఎంత మంట మీద పెట్టాలో కాగితం మీద రాసివ్వమంది.

ఇక వెనక్కి వెళ్ళడం ఎలా? అయిదోరోజు మళ్ళీ సిమెంటు పెడితే నిన్నటిది ఎలా కుదిరిందని అడుగుతారు. కాబట్టి అయిదోరోజూ వేశాడు. ఆరోరోజూ వేశాడు. పొట్లం ఖాళీ అయితే ఫ్యాక్టరీలో ఇంకోటి నింపుకున్నాడు. చిటికెడే కదా అని మొదట అనుకున్నాడు గానీ చిటికెడుకి పుడ్డింగు నిలబడదు. ఫ్యాక్టరీ కప్పులో ఎంతో, ఇంటి కప్పులోనూ అంతే పడింది. ల్యాబ్ మేడమ్ మాటల్లో దారిలో దిగబెట్టి వచ్చిన రెండో సగం రోజూ పొద్దున్నే కాలినడకన ఇల్లు వెతుక్కుంటూ వచ్చేది. బాత్‌రూము తలుపు కిర్రుమంటే చేతిలో పని వదిలేసేవాడు. మాస్టారు లోపల ఎంతసేపున్నారో గోడగడియారం చూసి లెక్కపెట్టేవాడు. ఆయన బయటికొచ్చి నోటుపుస్తకం తెరిచి కలం మూత తీసేదాకా ముద్ద దిగేది కాదు. మామ కడుపు కోసం ఇంతలా ప్రాణం బిగబట్టిన అల్లుడు ఇంకొకడు ఉండడని భార్య మురిసిపోయింది.

మరి మార్కులా? పెరిగాయి! మొదటి వారం మూడు. రెండో వారం నాలుగు, అయిదు. మూడో వారం ఆరు. నాలుగో వారం ఒకరోజు ఎనిమిది వచ్చింది. మాస్టారు జీవితంలో ఎవరికీ ఎనిమిది వెయ్యలేదని కూతుళ్ళిద్దరూ ఒట్టేసి చెప్పారు.

నెల నిండిన రోజు మాస్టారు అందరినీ కూచోబెట్టి ఫలితాలు చదివారు. వదిన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నోటుపుస్తకం ఫొటో తీసి తన షాపుకొచ్చే ఆడవాళ్ళందరికీ పంపింది. మాస్టారు మాత్రం సంతోషంగా లేరు. అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, నీ పనితనం మీద నాకు గౌరవం తగ్గలేదు గానీ పుస్తకం ఏం చెబితే అదే ఒప్పుకోవాలి కదా అన్నారు. అల్లుడిని గెలిపించాలని మొదలుపెట్టిన ప్రయోగంలో అల్లుడిని ఓడించవలసి వచ్చినందుకు ఆయనకి నిజంగానే బాధగా ఉంది.

చిక్కన్న అవస్థ చూడండి. తన పొడి వల్లే జబ్బన్న మాట తప్పని ఋజువు అతని చేతిలోనే ఉంది. ఆ పొడి తింటూనే మాస్టారు తేరుకున్నారు. కానీ అది బయటపెట్టాలంటే ముందు నేరం ఒప్పుకోవాలి. అందుకని మింగలేక కక్కలేక తలూపాడు. పోనీలే, మనిషి బాగున్నాడు, అంతకన్నా ఏం కావాలి, నింద నేను మోస్తాను అనుకున్నాడు. తాను గొప్ప త్యాగం చేస్తున్నానని కూడా ఒకటి రెండురోజులు అనిపించింది. సిగ్గులేకపోతే సరి.

మూడోరోజు పొద్దున మాస్టారు మాత్రల పెట్టె మూత మూసి, అలమరలో పై అరలోకి నెట్టారు. ఇక అవసరం లేదన్నారు. జబ్బుకి కారణం దొరికింది, కారణం పోయింది, ఇంకా ఈ మాత్రలెందుకు? వేసుకుంటే తల తిరుగుతోంది కూడా. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సింది వచ్చే నెల, అప్పుడు పుస్తకం చూపిస్తే ఆయనే మెచ్చుకుంటాడు.

వదినతో సహా అందరూ హడలిపోయారు. డాక్టర్ని అడక్కుండా మానొద్దు నాన్నా అని ఆవిడ బతిమాలింది. మాస్టారు పట్టిన పట్టు విడిచే మనిషైతే కదా. రెండు నెలల పుస్తకం చేతిలో ఉంది, మీ దగ్గర ఏముందని అడిగారు. ఎవరి దగ్గరా ఏమీ లేదు, ఒక్క చిక్కన్న దగ్గర తప్ప.

అతను ముందు పక్కదారులు తొక్కాడు. కొత్త మాత్ర మొదలెట్టిందీ ఆ నెలే కదా మావయ్యా అన్నాడు. ఇంతకుముందు మూడు మాత్రలు మార్చాను, ఒక్కటైనా పనిచేసిందా అన్నారు మాస్టారు. ఆస్పత్రికి ఫోన్ చేశాడు. పావుగంట సంగీతం వినిపించాక నర్సు వచ్చి, అవి హఠాత్తుగా మానకూడదనీ, మానితే తిరగబెట్టవచ్చనీ, ఈసారి ఎక్కువగా రావచ్చనీ చెప్పింది. ఆవిడ నా పుస్తకం చూసిందా అన్నారు మాస్టారు. ఒక్క పదిరోజులు నా కోసం వేసుకోండన్నాడు. నీ కోసమే కదయ్యా నెలంతా ఆ పుడ్డింగు తిన్నది అని ఆయన నవ్వారు.

మాత్రలు మానిన ఆరోరోజు, సెలవురోజు పొద్దున, అందరూ టీ తాగుతుంటే మాస్టారు కప్పు వదిలేసి గబగబా బాత్‌రూములోకి వెళ్ళారు. వచ్చి కూచున్నారు. పది నిమిషాలకి మళ్ళీ వెళ్ళారు. బయటికి వచ్చి, పుస్తకం తీసి, కాసేపు ఆలోచించి, ఆరు వేశారు. రాత్రి సరిగా అరగనట్టుందన్నారు. చిక్కన్నకి ఆయన ముఖం పాలిపోయి కనిపించింది. నర్సు మాట గుర్తొచ్చింది. ఇక త్యాగం లేదు, పరువు లేదు. ఈ మనిషి తన అబద్ధం పట్టుకుని మళ్ళీ మంచాన పడబోతున్నాడు.

లేచి నిలబడ్డాడు. భార్య, వదిన ఇద్దరూ అక్కడే ఉన్నారు.

"మావయ్యా, ఆ నెల నేను పొడి వేశాను."

మాస్టారికి వెంటనే అర్థం కాలేదు. ఏ నెల అని అడిగారు.

"పొడి లేదన్న నెల. మొదటి మూడురోజులే వెయ్యలేదు. నాలుగోరోజు నించీ వేశాను. మీరు తినలేకపోతున్నారని వేశాను. అదొక్కటే కాదు, నాది బాగా కుదరట్లేదని కూడా వేశాను."

అక్కా చెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వదిన తాను తిన్న కప్పు గుర్తొచ్చినట్టు చెయ్యి కడుపు మీద వేసుకుంది. భార్య టీ గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఎంత వేశావు?" అన్నారు మాస్టారు.

"ఫ్యాక్టరీలో ఎంతో అంతే."

"రోజూనా?"

"రోజూ."

మాస్టారు పుస్తకం ముందుకి లాక్కున్నారు. మొదటి నెల పేజీలు తిప్పారు, రెండో నెల పేజీలు తిప్పారు, వేలు పెట్టి ఒక్కో వారం చూశారు. సైన్సు మాస్టారు కదా, ఎక్కువసేపు పట్టలేదు.

"అయితే రెండు నెలలూ తిండి దాదాపు ఒకటే. మారింది మాత్ర ఒక్కటే" అన్నారు. "నీ పొడి మంచిదో చెడ్డదో ఈ పుస్తకం చెప్పలేదు. ఆ ప్రయోగం జరగనే లేదు."

లేచి, అలమర పై అర నుంచి మాత్రల పెట్టె దింపి, ఒకటి నోట్లో వేసుకుని, చల్లారిపోయిన టీతోనే మింగారు. అప్పుడే డాక్టరుకి ఫోన్ చేయించి, ఆరురోజులు మానేశానని నిజం చెప్పారు. వెంటనే రమ్మన్నారు, వెళ్ళొచ్చారు. ఇదంతా అయ్యేదాకా చిక్కన్న నిలబడే ఉన్నాడు. తిడతారని చూశాడు. తిడితే బాగుండునని చూశాడు. మావయ్యా ఏదో ఒకటి అనండి అన్నాడు చివరికి.

"ఏమనమంటావు? నీకు పేగులో పుండుందా, నాకుంది. అందులోకి ఏం వెళ్ళాలో నేను చెప్పాను, నువ్వు సరే అన్నావు" అన్నారు మాస్టారు. "నేను ఆ పొడిని నమ్మి తినలేదయ్యా. నిన్ను నమ్మి తిన్నాను" అన్నారు.

ఆ తరవాత ఆయన కడుపు నెమ్మదిగా మళ్ళీ కుదుటపడింది. డాక్టరు సలహా మీద పుడ్డింగు కప్పులు మాత్రం పూర్తిగా ఆపేశారు. వదిన ఇప్పటికీ వస్తుంది, వీడియోలు చూపిస్తుంది గానీ గొంతు కాస్త తగ్గించి పెడుతుంది. మాస్టారు అల్లుడితో మాట్లాడటం మానలేదు. ఫ్యాక్టరీ సంగతులు అడుగుతారు, పేపర్లో వార్తలు చదివి వినిపిస్తారు, నవ్వించాల్సిన చోట నవ్విస్తారు. అంతా ఎప్పట్లాగే ఉందని చిక్కన్న అనుకోబోయాడు.

ఒకరోజు పొద్దున భార్య స్నానంలో ఉంది. మాస్టారి మాత్ర వేళయింది. చిక్కన్న గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. మాస్టారు మాత్ర నాలుక మీద పెట్టుకుని, గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి, ఆగారు. గ్లాసుని కిటికీ వైపు ఎత్తి, వెలుతురులో చూశారు.

"ఉత్త నీళ్ళే మావయ్యా" అన్నాడు చిక్కన్న.

మాస్టారు తెలుసన్నట్టు తలూపారు. ఇంకాసేపు చూసి, అప్పుడు తాగారు.